గుణుపురం నుంచి కెనడాకి: ఫైలు కదలని రోజుల్లో కాయితాలు బతికించుకోవడం

అమ్మకి మోకాలి ఆపరేషన్ అని రెండు నెలలు సెలవు పెట్టి కెనడాలోని విన్నిపెగ్ నుంచి ఒడిశాలోని మా ఊరు గుణుపురం వచ్చాను. సాయంత్రం నాలుగు దాటితే చాలు, మా వీధి అరుగు మీద ఎవరో ఒకరు ప్లాస్టిక్ ఫోల్డరుతో కూర్చుని ఉంటున్నారు. రాయగడ నుంచి మా పెద్దమ్మ మనవడు, పర్లాకిమిడి నుంచి నాతో చదివిన అమ్మాయి తమ్ముడు, పక్కింటి మాస్టారి కోడలు. "అక్కా, పాయింట్లెన్నుంటే వస్తాది?" అనే అందరూ మొదలుపెడతారు, కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) గురించి. దానికి జవాబు అయిదు నిమిషాల్లో చెప్పేయొచ్చు. నాకు రెండేళ్ల పాటు నిద్ర లేకుండా చేసిన సంగతి వేరే ఉంది. దరఖాస్తు అక్కడ కదలకుండా పడి ఉంటే, ఇక్కడ నా కాయితాలకి ఒక్కోదానికీ గడువు తీరిపోతూ వచ్చింది. దాని గురించి నాకు ముందుగా చెప్పినవాళ్లు లేరు. అందుకే అరుగు మీద రోజూ చెప్పేదంతా ఇలా రాసి పెడుతున్నాను. నేను కన్సల్టెంటుని కాను, ఎవరి దగ్గరా రూపాయి తీసుకోను. నా ఫైలు, మా ఆయన ఫైలు నేనే నడుపుకున్నాను, అంతే.

నా తేదీలు ముందు చెప్తాను. 2020 సెప్టెంబరు 30 డ్రాలో (పాయింట్లు ఎక్కువున్నవాళ్లని పిలిచే విడతలో) కటాఫ్ 471, నాది 476. డిసెంబరులో ఫీజు కట్టి దరఖాస్తు పంపాం. ఆరు నెలల్లో తేలుతుందని రాసి ఉంది. పాస్‌పోర్టులు పంపమని ఉత్తరం వచ్చింది 2022 అక్టోబరులో. అంటే 22 నెలలు. ఈలోగా మా మెడికల్ గడువు తీరింది, పోలీసు క్లియరెన్సులు పాతబడ్డాయి, మా ఆయన పాస్‌పోర్టు అయిపోవచ్చింది, మా పాప పుట్టింది.

ఎందుకు ఆలస్యమవుతుంది

కెనడా ఏటా ఎంతమందిని తీసుకోవాలో ముందే లెక్క కట్టుకుంటుంది. దరఖాస్తులు ఆ లెక్కని మించినప్పుడల్లా కుప్ప పేరుకుంటుంది. పాత ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ పద్ధతిలో ముందొచ్చినవాళ్లది ముందు చూసేవారు కాబట్టి ఏళ్లకేళ్లు నిలిచిపోయాయి. చివరికి 2012లో చట్టం చేసి, 2008 ఫిబ్రవరి 27కి ముందు వేసి ఇంకా తేలని దరఖాస్తులన్నీ రద్దు చేసి ఫీజు తిరిగిచ్చేశారు. సుమారు 2,80,000 మంది కుటుంబాలతో సహా ఆ వరసలోంచి తప్పిపోయారు. అలాంటిది మళ్లీ రాకూడదనే 2015 జనవరిలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పెట్టారు. ఇందులో ముందు ప్రొఫైల్ వేస్తాం, సీఆర్‌ఎస్ పాయింట్లు (వయసు, చదువు, భాష, అనుభవాలకి ఇచ్చేవి) ఎక్కువున్నవాళ్లని పిలుస్తారు, పిలుపొచ్చినవాళ్లే దరఖాస్తు పెడతారు. నూటికి 80 దరఖాస్తులు ఆరు నెలల్లో తేల్చాలన్నది వాళ్లు పెట్టుకున్న లక్ష్యం. మిగిలిన 20లో మీరు ఉండరన్న హామీ ఎక్కడా లేదు.

కరోనాతో ఆ లక్ష్యం కూడా చెదిరింది. 2020 డిసెంబరు తర్వాత బయటి దేశాల స్కిల్డ్ వర్కర్లకి డ్రాలే ఆపేశారు. 2022 జూలై 6న మళ్లీ మొదలెట్టినప్పుడు కటాఫ్ 557. 2023 అక్టోబరులో రెండు దేశాల మధ్య గొడవొచ్చి 41 మంది కెనడా దౌత్యవేత్తలు వెళ్లిపోయారు. ఇండియాలో ఉండే వాళ్ల వలస విభాగం సిబ్బంది 27 నుంచి 5కి తగ్గింది. 2024 అక్టోబరులో కోటాలే కోసేశారు. 2025కి 5,00,000 అనుకున్నది 3,95,000 చేశారు, 2026కి 3,80,000. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ఆలస్యమైన ప్రతిసారీ "నా ఫైల్లో ఏదో తప్పుంది" అని మనల్ని మనం తినేస్తాం. సగం ఆలస్యాలకి మనతో సంబంధమే లేదు.

మా నాన్న అప్పట్లో ఒక మాట అనేవారు. నౌపడ నుంచి మన ఊరికొచ్చే చిన్న రైలుని 2004లో బ్రాడ్‌గేజీ చేస్తామని ఆపేశారు. మళ్లీ గుణుపురంలో రైలు కూత విన్నది 2011లో. ఆ ఏడేళ్లూ నాన్న బస్సులో పర్లాకిమిడి వెళ్లి ఉద్యోగం చేసొచ్చారు. "రైలొచ్చినపుడొస్తాది, పని ఆపుకుంటామేటి?" అనేవారు. ఆ 22 నెలల్లో ఈ మాట నేను చాలాసార్లు తలుచుకున్నాను.

ముందు పేరు సరిచేసుకోండి

ఒడిశాలో చదివిన తెలుగువాళ్లకి అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇదే. మన ఇంట్లో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఒడియా బడిలో ఇంటిపేరు చివర. మాస్టారు రిజిస్టరు రాసేటప్పుడు మన పేరు చివర ఏది కనిపిస్తే దాన్నే ఇంటిపేరుగా రాసేస్తారు. అలా ఎంతమంది "రావు" ఇంటిపేరువాళ్లయ్యారో. మా నాన్న పేరు నా మెట్రిక్ సర్టిఫికెట్లో ఒకలా, ఆయన ఆధార్లో ఒకలా, నా పాస్‌పోర్టులో మూడోలా ఉండేది. నా ఇంటిపేరు కటక్ బోర్డు సర్టిఫికెట్లో ఒట్టి పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా.

దీనికి చేయాల్సింది ఇది. మెట్రిక్ సర్టిఫికెట్, డిగ్రీ, పాస్‌పోర్టు, ఆధార్, పెళ్లి సర్టిఫికెట్, పిల్లల జనన ధ్రువపత్రం అన్నీ ఒకేసారి మంచం మీద పరిచి, ఒక తెల్లకాయితం మీద ఏ కాయితంలో పేరు ఎలా ఉందో అక్షరం అక్షరం రాసుకోండి. సులువుగా మారేవి ముందు మార్పించండి. మారనివాటికి ఆ పేర్లన్నీ ఒకరివేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి, పక్కన మీ మాటల్లో ఒక పేజీ వివరణ పెట్టండి. నేను అలాగే పెట్టాను, ఒక్క ప్రశ్న రాలేదు. ప్రొఫైల్‌లో మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే నింపాలి.

ఒడియాలో ఉన్న కాయితాలు, ముఖ్యంగా పాత జనన, పెళ్లి ధ్రువపత్రాలు, ఇంగ్లీషులోకి తర్జుమా చేయించాలి. తర్జుమా చేసినవాళ్ల అఫిడవిట్ కూడా జతపరచాలి. ఇంట్లోవాళ్లు చేసింది చెల్లదు. మా అన్నయ్యకి ఒడియా, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చు గదా అని ముందు వాడి చేతే రాయించాను, అదంతా పక్కన పడేయాల్సి వచ్చింది.

చదువు కాయితాలకి కూడా ముందే కదలండి. విదేశీ డిగ్రీ కెనడాలో దేనికి సమానమో తేల్చే ఈసీఏ రిపోర్టు కావాలి. డబ్ల్యూఈఎస్ లాంటి గుర్తింపు ఉన్న సంస్థలు ఇస్తాయి. దానికి యూనివర్సిటీ నుంచి ట్రాన్స్‌క్రిప్టులు కావాలి. బరంపురం యూనివర్సిటీవాళ్లు భంజవిహార్‌కి, బీపీయూటీవాళ్లు రూర్కెలాకి తిరగాలి. ఈ ఒక్క పనికే మూడు నెలలు అనుకోండి. రిపోర్టు అయిదేళ్లు చెల్లుతుంది కాబట్టి తొందరగా తెప్పించుకున్నా నష్టం లేదు.

అర బ్యాండు విలువ

ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో జనరల్ ట్రైనింగ్ రాయాలి, అకడమిక్ చెల్లదు. విశాఖలో రాశాను. మొదటిసారి వినడం 8.5, చదవడం 8, మాట్లాడటం 7, రాయడం 6.5. బాగానే వచ్చాయనుకున్నాను. లెక్క వేస్తే 419. రెండోసారి రాయడంలో 7 వచ్చింది, మిగతావి అవే. 476. అర బ్యాండుకి 57 పాయింట్లు ఎలా పెరిగాయంటే, నాలుగింటిలోనూ సీఎల్‌బీ (కెనడా వాడే భాషా స్థాయి కొలత) 9 వచ్చేసరికి చదువుకి, అనుభవానికి కలిపి ఇచ్చే పాయింట్లు నాకు 50 నుంచి 100 అయ్యాయి. మిగతా 7 రాయడం మార్కుకే పెరిగాయి. సీఎల్‌బీ 9 అంటే వినడం 8, మిగతా మూడూ 7. ఒక్కటి తగ్గినా ఆ 50 పోతాయి. అందుకే 6.5 వచ్చిందని వదిలేయకండి. ఆ ఒక్కదాని మీదే మూడు నెలలు కూర్చోండి. భార్యాభర్తలిద్దరూ రాయండి, ఎవరి పాయింట్లు ఎక్కువొస్తే వాళ్లని ముఖ్య దరఖాస్తుదారు చేసుకోవచ్చు. మా ఆయనా రాయబట్టే ఆయన భాషకి నాకు 20 కలిశాయి.

ఇప్పుడొక కష్టమైన మాట చెప్పాలి. నా 476 ఈ రోజు సరిపోదు. 2025లో కెనడా అనుభవం ఉన్నవాళ్ల డ్రాలే 510 పైన నడిచాయి. ఉద్యోగ ఆఫరుకి ఇచ్చే పాయింట్లు 2025 మార్చి 25న తీసేశారు. ఇంకా ఎవరైనా "జాబ్ ఆఫర్ ఇప్పిస్తాం, 50 పాయింట్లు" అంటే పాత కబురు అమ్ముతున్నారని అర్థం. తెరిచి ఉన్న దారులు మూడు. ఒకటి, ఏదైనా ప్రావిన్సు (అక్కడి రాష్ట్రం) నామినేట్ చేస్తే 600 పాయింట్లు. రెండు, 2023 జూన్‌లో మొదలైన వర్గాల వారీ డ్రాలు. వీటిలో ఆరోగ్యరంగం, నైపుణ్య వృత్తుల వంటివాటికి విడిగా పిలుస్తారు. మూడు, ఫ్రెంచి. 2025 మార్చిలో ఫ్రెంచివాళ్లకి కటాఫ్ 379 దాకా దిగింది. ఒడియా, తెలుగు, హిందీ, ఇంగ్లీషు పుట్టినప్పట్నుంచీ కలిపి మాట్లాడే మన పిల్లలకి అయిదో భాష అసాధ్యమని నేను అనుకోను. మా పెద్దమ్మ మనవడికి అదే చెప్పాను. వాడికి 26, ఏడాదిన్నర కూర్చుంటే చాలు. 30 దాటినవాళ్లకి మాత్రం పెళ్లయితే ప్రతి పుట్టినరోజుకీ వయసు పాయింట్లు కనీసం అయిదు చొప్పున పోతుంటాయి. వాళ్లు వాయిదా వేయకూడదు.

ఉద్యోగ లేఖ

అప్పట్లో నేను రాయగడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ ఇంజినీర్‌ని. హెచ్‌ఆర్‌వాళ్లు "ఫలానా తేదీ నుంచి పనిచేస్తున్నారు" అని రెండు లైన్లు రాసిచ్చి, అంతకంటే రాయడం మా పద్ధతి కాదన్నారు. కెనడాకి ఆ రెండు లైన్లు పనికిరావు. హోదా, చేసే పనులు, వారానికి ఎన్ని గంటలు, జీతం, తేదీలు, సంతకం పెట్టినవాళ్ల ఫోన్ నంబరు ఉండాలి. నేను మా షిఫ్టు ఇన్‌ఛార్జి సారుని బతిమాలి నా పనులన్నీ ఆయన చేత విడిగా రాయించి సంతకం పెట్టించుకున్నాను. దానికి అపాయింట్‌మెంట్ లెటరు, పేస్లిప్పులు, ఫారం 16, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేసి, కంపెనీ లేఖ ఎందుకు చిన్నదో వివరణ రాశాను. ఒప్పుకున్నారు.

ఎన్‌ఓసీ కోడు (ఒక్కో రకం పనికి కెనడా ఇచ్చిన నంబరు) ఎంచుకునేటప్పుడు కార్డు మీద "ఇంజినీర్" అని ఉందని 21310 వేసేయకండి. డ్రాయింగులు, డిజైను, పరీక్షలు చూసేవాళ్లు ఆ కోడులోకి వస్తారు. టెక్నీషియన్ పనైతే 22310, ఫ్యాక్టరీ మోటార్లు, ప్యానెళ్లు విప్పి బిగించే పనైతే 72201. అధికారి చూసేది చేసిన పనిని. పనికీ కోడుకీ పొంతన లేకపోతే తిరస్కరిస్తారు, అప్పుడు నిరీక్షణంతా వృథా.

డబ్బు

2024 ఏప్రిల్ 30న పెంచినప్పుడు ఫీజు పెద్దవాళ్లకి ఒక్కొక్కరికి 1,525 కెనడా డాలర్లు, పిల్లకి 260, కుటుంబం బయోమెట్రిక్‌కి 170. భార్య, భర్త, ఒక పాప అంటే 3,480. డాలరుకి 60 రూపాయలే వేసుకున్నా రెండు లక్షలు పైమాటే. రెండేళ్లకోసారి పెంచుతారు, కట్టే రోజు చూసుకోండి. ఇది కాక చేతిలో డబ్బు చూపించాలి. 2025 జూలై లెక్క ప్రకారం ఒక్కరికి 15,263, ముగ్గురికి 23,360, నలుగురికి 28,362 డాలర్లు. పొలం, ఇల్లు, బంగారం లెక్కలోకి రావు. అప్పు తెచ్చి ఖాతాలో వేసింది కూడా రాదు. బ్యాంకు లేఖలో ఆరు నెలల సగటు నిల్వ అడుగుతారు కాబట్టి చివరి వారం వేసిన మొత్తం పట్టుబడిపోతుంది. నాన్న తన పదవీ విరమణ డబ్బులోంచి ఇచ్చింది గిఫ్ట్ డీడ్ రాయించి మరీ చూపించాం. వీసా చేతికొచ్చేదాకా ఆ మొత్తం కదపకూడదు. మధ్యలో మరిది పెళ్లికి తీద్దామన్న మాట వచ్చింది. అత్తయ్యగారికి కూర్చోబెట్టి వివరంగా చెప్పాను, ఆవిడ అర్థం చేసుకున్నారు.

గోడ మీది క్యాలెండరు

ఇక అసలు సంగతి. పెద్ద గళ్లున్న క్యాలెండరు ఒకటి కొని ఈ తేదీలు దాని మీద ఎర్ర సిరాతో రాయండి.

ఐఈఎల్‌టీఎస్ రెండేళ్లు. దరఖాస్తు పంపే రోజున బతికి ఉండాలి. ప్రొఫైల్ 12 నెలలు. పిలుపొచ్చాక 60 రోజుల్లో అన్నీ పంపాలి (మాకు కరోనా వల్ల 90 రోజులిచ్చారు). ఒక్క కాయితం తక్కువైనా ఫైలు తెరవకుండానే తిప్పి పంపేస్తారు. పోలీసు క్లియరెన్సు దరఖాస్తుకి ముందు ఆరు నెలల్లోపుది కావాలి. మనకి భువనేశ్వర్ పాస్‌పోర్టు కార్యాలయం కింద వస్తుంది, ఠాణా నుంచి విచారణకి వస్తారు. ఆధార్ చిరునామా, అద్దిల్లు చిరునామా వేరైతే ముందే మార్చుకోండి. వేరే దేశంలో వరసగా ఆరు నెలలు ఉన్నవాళ్లు, గల్ఫ్‌లో చేసొచ్చినవాళ్లు, అక్కడి క్లియరెన్సు కూడా తేవాలి.

మెడికల్ 12 నెలలు. మధ్యలో కొన్నాళ్లు దరఖాస్తు తర్వాత అయినా సరే అన్నారు. 2025 ఆగస్టు 21 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీవాళ్లు ముందే చేయించుకుని రిపోర్టు జతపరచాలి. కెనడా పేరు రాసి ఉంచిన ప్యానెల్ డాక్టరు దగ్గరే చేయించాలి, జిల్లా ఆసుపత్రి సర్టిఫికెట్ కుదరదు. మేం హైదరాబాదు వెళ్లాం. పిలుపొచ్చిన రోజే అపాయింట్‌మెంట్ తీసుకోండి. అంతకుముందు తొందరపడి చేయించుకుంటే ఆ ఏడాది అప్పుడే కరగడం మొదలవుతుంది. బయోమెట్రిక్ ఉత్తరమొస్తే 30 రోజులు. విశాఖకి మన రైలు, అక్కడినుంచి హైదరాబాదుకి రాత్రి బండి. పసిపిల్ల ఉన్నవాళ్లు రెండు రోజులు అదనంగా వేసుకోండి.

పాస్‌పోర్టులో మూడేళ్లకి తక్కువుంటే పంపకముందే కొత్తది తీసుకోవడం మంచిది. చివరికొచ్చే నివాస ధ్రువీకరణ కాయితం మీద గడువు తేదీ మామూలుగా మెడికల్, పాస్‌పోర్టుల్లో ఏది ముందు తీరితే దాన్ని బట్టి ఉంటుంది. ఆ తేదీలోగా కెనడాలో దిగాలి.

పంపాక

వారానికోసారి ఖాతా తెరిచి చూడండి. నేను రోజుకి పదిసార్లు చూసేదాన్ని, దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఇంట్లో ఏది మారినా వెబ్‌ఫారంలో చెప్పాలి. ఉద్యోగం, చిరునామా, పాస్‌పోర్టు, పెళ్లి, పుట్టిన బిడ్డ. మా పాప పుట్టిన పదిహేను రోజుల్లో చెప్పాం. దాని పాస్‌పోర్టు, మెడికల్, ఫీజు అన్నీ కలిపి ఇంకో మూడు నెలలు పోయాయి. "చెప్తే ఆలస్యమవుతుంది, వెళ్లాక తెచ్చుకోవచ్చు" అని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. అది ఎంత ప్రమాదమో తెలుసుకోండి. చెప్పకుండా దాచిన భార్యని గాని బిడ్డని గాని తర్వాత స్పాన్సర్ చేయడానికి మామూలుగా వీలుండదు. అమ్మానాన్నలని మాత్రం ఈ దరఖాస్తులో చేర్చలేం, భార్య లేదా భర్త, 22 లోపు పెళ్లికాని పిల్లలే.

ఆరు నెలలు దాటాక వెబ్‌ఫారంలో మర్యాదగా అడగండి, నెలకోసారి మించి వద్దు. ఫైల్లో అధికారి ఏం రాశారో చూసుకునే దారీ ఉంది. 2022 జూలై నుంచి కెనడా బయట ఉన్నవాళ్లం కూడా వాళ్ల గోప్యతా చట్టం కింద మన సొంత ఫైలు నోట్స్ ఉచితంగా అడగొచ్చు. నేను అడిగిన దాంట్లో "మెడికల్ గడువు తీరింది" అని రాసి ఉంది. నాకు ఉత్తరం రాకముందే తెలిసింది, కొత్త మెడికల్‌కి సిద్ధమైపోయాను. ఏళ్లు గడిచినా కదలకపోతే ఫెడరల్ కోర్టులో మాండమస్ (ఫైలు తేల్చమని ఆదేశించాలని కోరే కేసు) వేయించొచ్చు. దానికి కెనడా లాయరు కావాలి, ఖర్చు తక్కువేం కాదు. అంతదాకా వెళ్లేవాళ్లు ముందు నోట్స్ తెప్పించుకుని వెళ్లండి.

ఉద్యోగం మానకండి. మా బంధువు ఒకాయన పిలుపు రాగానే రాజీనామా ఇచ్చేసి, పదమూడు నెలలు ఇంట్లో కూర్చుని చూపించాల్సిన డబ్బులోంచే తిన్నాడు.

ఏజెంట్ల గురించి

డబ్బు తీసుకుని మీ తరఫున నడపడానికి హక్కున్నవాళ్లు కెనడా లాయర్లు, క్యుబెక్ నోటరీలు, అక్కడి కన్సల్టెంట్ల కాలేజీలో లైసెన్సు ఉన్నవాళ్లు. ఆ కాలేజీ రిజిస్టరు అందరికీ తెరిచే ఉంటుంది, నంబరు అడిగి చూసుకోండి. వాళ్ల పేరు, మన తరఫున నడిపేది ఎవరో చెప్పే ఐఎంఎం 5476 ఫారంలో ఉండాలి. "మా పేరు వేయొద్దు, మీరే చేసుకున్నట్టు పెట్టండి" అన్నవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. మా క్లాసులో చదివినతనికి ఒక ఏజెంటు లేని కంపెనీ పేరుతో అనుభవం లేఖ పెట్టించాడు. ఫోన్ చేసి కనుక్కున్నారు. తప్పుడు సమాచారం కింద అయిదేళ్లు నిషేధం పడింది. సంతకం తనది కాబట్టి శిక్షా తనకే. అతను తెలివైనవాడు, నిజం పెట్టినా వచ్చుండేది. అది తలుచుకుంటే నాకిప్పటికీ బాధగా ఉంటుంది.

నిన్న పక్కింటి మాస్టారి కోడలు తన ఫోల్డరు పట్టుకొచ్చింది. నర్సింగు చదివింది, ఆరేళ్ల అనుభవం. ఐఈఎల్‌టీఎస్ గడువు వచ్చే ఫిబ్రవరికి అయిపోతుంది, పెళ్లి సర్టిఫికెట్లో అత్తవారి ఇంటిపేరు ఒక అక్షరం తేడా. పాయింట్ల మాట ఎత్తలేదు మేం. పొద్దున్నే నోటరీ దగ్గరికి, అక్కడినుంచి విశాఖలో మళ్లీ పరీక్ష తేదీ తీసుకోవడానికి నెట్ సెంటరుకి వెళ్లమన్నాను. అమ్మ మంచం పక్కనున్న క్యాలెండరు తీసిచ్చి, ఫిబ్రవరి గడిలో మొదటి ఎర్ర గుర్తు ఆమె చేతే పెట్టించాను.